భోజనాల బల్లమీద వేలాడే లైటు

ఆనందకుమారి ముప్ఫయ్యారేళ్లు నర్సు ఉద్యోగం చేసింది. ఎక్కడైనా ఎవరైనా పడ్డ చప్పుడు వినపడితే చాలు, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెత్తేది. నోటివెంట ముందుగా వచ్చే మాట ఒక్కటే: "ఎక్కడ తగిలింది?" సరోజినీ నగర్ క్వార్టర్సులో ఉయ్యాల మీంచి పడ్డ పిల్లలైనా, గేటు దగ్గర స్కూటరు జారినవాళ్లయినా సరే. ఒకసారి గోడ దూకిన దొంగ కాలు మడతపెట్టుకుని పడిపోతే వాడినీ అలాగే అడిగిందని ఆ బ్లాకువాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు. పోలీసులు వచ్చేలోగా వాడి కాలికి కట్టు కూడా కట్టేసిందట. అలాంటి మనిషికి ఒకే ఒక్కసారి ఆ మాట నోటికి రాలేదు. వేరే మాట వచ్చింది.

ఆవిడది నరసాపురం వైపు. మిషను ఆస్పత్రిలో నర్సు ట్రైనింగు అయ్యాక, ఇరవై రెండో ఏట, ఒక రేకు ట్రంకుతో, రెండు జతల తెల్ల బట్టలతో ఢిల్లీలో దిగింది. చలికి వారం రోజులు ఏడ్చింది. తర్వాత కేంద్ర ప్రభుత్వ ఆస్పత్రిలో ఉద్యోగం, మంత్రిత్వ శాఖలో గుమాస్తా టిమోతితో పెళ్లి, సరోజినీ నగర్‌లో రెండు గదుల క్వార్టరు, స్తుతి అనే ఒక కూతురు. ఇక కదలక్కర్లేదనుకుంది. కానీ ఆ ఇంట్లో కదలని వస్తువంటూ ఒక్కటీ లేదు.

దానికి కారణం రెండో శనివారం. ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం వాళ్లింట్లో తెలుగువాళ్ల ప్రార్థన కూటం జరిగేది. కరోల్ బాగ్ నుంచి, లక్ష్మీ నగర్ నుంచి, ఆస్పత్రుల హాస్టళ్ల నుంచి ముప్ఫై నలభై మంది వచ్చేవాళ్లు. వాళ్లందరూ కూర్చోవాలంటే ఇల్లు ఖాళీ కావాలి. మంచం నిలబెట్టేవాళ్లు. కుర్చీలు బాల్కనీలో పడేసేవాళ్లు. అన్నాలు తినే మడతబల్లని మడిచి స్నానాల గది తలుపు వెనక ఆనించేవాళ్లు. ఆదివారం ఉదయం మళ్లీ అన్నీ యథాస్థానం. ఇరవై ఏడేళ్లు ఈ తంతు నడిచింది. కూటమంటే ఆనందకుమారికి ప్రాణం. ఆ నలభై మందీ ఆమెకి అత్తిల్లూ పుట్టిల్లూ. అయినా మనిషే గదా, తడి బల్ల మీద కంచం పెట్టుకున్న ప్రతి ఆదివారమూ, "దేవా, ఒక్కచోట స్థిరంగా ఉండే బల్ల ఒకటి ఇవ్వు తండ్రీ" అని మనసులో అనుకునేది. ఎవరితోనూ అనలేదు.

ఆ కూటానికి పెద్ద జీవరత్నం గారు. ఆరడుగులు దాటిన మనిషి. ఏదో ఆఫీసు రికార్డు గదిలో పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. లక్ష్మీ నగర్‌లో కోచింగు పిల్లల గదుల మధ్య మూడో అంతస్తులో ఒక గది అద్దెకి తీసుకుని ఉంటాడు. పాట ఎత్తుకునేది ఆయనే, చివర ఆశీర్వాదం చెప్పేదీ ఆయనే. ఆనందకుమారి ఆయన్ని బాబాయిగారూ అనేది. టిమోతికి గుండె నొప్పి వచ్చి ఐసీయూలో ఉన్న మూడు రోజులూ ఆయన బయట బెంచీ మీదే కూర్చున్నాడు. ఫ్లాస్కులో టీ పట్టుకొచ్చి, "తాగమ్మాయ్, నువ్వు పడిపోతే వాణ్ణెవరు చూస్తారు" అనేవాడు. మూడో రోజు టిమోతి పోయాడు. శవపేటిక ముందు మూల మోసింది కూడా ఆయనే.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. నోయిడా ఎక్స్‌టెన్షన్‌లో, పన్నెండో అంతస్తులో, ఉన్నదంతా పెట్టి ఒక ఫ్లాటు కొనుక్కుంది. హాలుకీ వంటింటికీ మధ్య విశాలమైన జాగా ఉంది. అక్కడ భోజనాల బల్ల. స్తుతి గుర్‌గావ్‌లో ఉద్యోగం చేస్తుంది, శనాదివారాలు వస్తుంది. తల్లీకూతుళ్లిద్దరూ వెళ్లి, ఆరుగురు కూర్చునే బల్ల తెచ్చారు. పైన తెల్లరాయి పలక. దింపిన మనుషులు నలుగురూ చెమటలు కక్కారు. ఆ బరువు చూసే ఆనందకుమారి ముచ్చటపడింది. ఇది మడిచేది కాదు, ఆనించేది కాదు.

ఇక దానిమీద లైటు. ఇక్కడే మొదలైంది పిచ్చి. ఆస్పత్రిలో బతుకంతా తెల్ల ట్యూబులైట్ల కింద గడిపిన మనిషి. తన బల్ల మీద పసుపుపచ్చని వెలుగు పడాలి, గాజు మెరవాలి, అన్నం తింటుంటే పెళ్లివిందులో కూర్చున్నట్టుండాలి. స్తుతి ఫోనులో బొమ్మలు పంపేది, ఈవిడ కళ్లజోడు పైకెత్తి చూసి పేర్లు పెట్టేది. ఇది మరీ బుట్టలా ఉంది. అది ఆపరేషన్ థియేటరులా ఉంది. చివరికి ఇద్దరూ మెట్రో ఎక్కి చాందినీ చౌక్ పక్కన భగీరథ్ ప్యాలెస్‌కి వెళ్లారు. ఆ సందుల్లో తలెత్తితే లైట్లు తప్ప ఆకాశం కనపడదు. రెండుసార్లు వట్టి చేతులతో తిరిగొచ్చి, మూడోసారి ఒక ముసలి దుకాణదారు దగ్గర కుదిరింది.

మూడు ఇత్తడి వలయాలు, ఒకదాని కింద ఒకటి. వాటి చుట్టూ కన్నీటి బొట్లలాంటి గాజు పలుకులు. ఢిల్లీలో దీన్ని ఝూమర్ అంటారు. ఆ ముసలాయన అమ్మే తొందరలో లేడు. టేపు తీసి, బల్ల పొడవెంత, వెడల్పెంత అని అడిగి కాగితం మీద గీశాడు. లైటు బల్ల వెడల్పులో సగం కంటే కాస్త ఎక్కువుండాలన్నాడు. బల్ల మీంచి రెండున్నర అడుగుల ఎత్తులో వేలాడాలి, అంతకంటే పైకెడితే వెలుగు కంచంలో పడదు, గోడల పాలవుతుందన్నాడు. అన్నీ చెప్పి, పెన్ను ఆపి, ఒక ప్రశ్న వేశాడు.

"బెహన్‌జీ, బల్ల ఎప్పుడూ అక్కడే ఉంటుందా? జరిపేదుంటే ఇది వద్దు. పైకప్పుకి అంటుకునే రకం ఇస్తాను."

"అక్కడే ఉంటుంది భయ్యా," అంది ఆనందకుమారి. "ఇంక కదలదు."

స్తుతి తల్లి ముఖంలోకి చూసింది. ఆ పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ రెండో శనివారాలు చూసిన పిల్ల. ఆనందకుమారికి ఆ చూపు తెలిసింది. తెలిసే, సంచీ సర్దుకుంటున్నట్టు తల తిప్పుకుంది. కూటం గుర్తు రాలేదని తర్వాత ఎన్నిసార్లు తనకి తాను చెప్పుకుందో. గుర్తొచ్చింది. గుర్తొచ్చే ఆ మాట అంది.

లైటు బిగించిన మొదటి సాయంత్రం ఒక్కతే కూర్చుని పెరుగన్నం తిన్నది. ఆవకాయ ఎర్రగా మెరిసింది. టిమోతి ఉంటే ఏమనేవాడో ఊహించుకుని నవ్వుకుంది కూడా. ఆ పూట ఆమె నిజంగా సంతోషపడింది, కాదనడానికి లేదు.

నెల తిరక్కుండానే ఇంటి ప్రార్థన పెట్టింది. కొత్త ఇల్లు దేవుడి చేతిలో పెట్టుకునే కూటం. నలభై ఆరుగురు వచ్చారు. రాగానే మగవాళ్లు అలవాటు ప్రకారం చొక్కా చేతులు మడిచారు. బల్ల జరపాలి గదా. రాతిపలక పగులుతుందేమోనని ఆనందకుమారి గుండె చేత్తో పట్టుకుని నిలబడింది. ఆరుగురు కలిసి దాన్ని గోడకి చేర్చారు. జంపఖానాలు పరిచారు. అప్పుడు చూస్తే, కింద బల్ల లేని లైటు గది నడిమధ్య నేలకి అయిదడుగుల ఎత్తులో ఒంటరిగా వేలాడుతోంది. ఆడవాళ్లు పిల్లల్ని చేతులు పట్టుకుని దాని చుట్టూ తిప్పి తీసుకెళ్లారు. ఆనందకుమారితోపాటే రిటైరైన కమలాకుమారి, "బాగుందే, కానీ దీని కింద ఎవరు కూర్చుంటారు?" అంది. మధ్య చోటు పెద్దలకి వదలడం వాళ్ల పద్ధతి. జీవరత్నం గారే కూర్చున్నాడు.

గంటన్నర కూటం. పాటలయ్యాయి, వాక్యం అయింది. చివర ఆశీర్వాదానికి అందరూ లేచి నిలబడాలి. డెబ్బై అయిదేళ్ల మనిషి, మోకాలి మీద చెయ్యి ఊని, కళ్లు మూసుకునే, ఆరడుగుల పొడవూ ఒక్క ఊపులో లేచాడు. తల వెళ్లి ఇత్తడి వలయానికి టంగుమని కొట్టుకుంది. లైటు ఊగింది. గాజు పలుకులన్నీ ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి, ఒకటి తెగి నేలమీద పడి పగిలింది.

"అయ్యో, లైటు! లైటు పట్టుకోండి!"

ఆ అరిచింది ఆనందకుమారి. అరవడమే కాదు, మనుషుల మధ్యలోంచి తోసుకుంటూ వెళ్లి, రెండు చేతులతో ఆ వలయాన్ని పట్టుకుని ఊగకుండా ఆపింది. పక్కనే జీవరత్నం గారు నుదురు చేత్తో నొక్కుకుని నిలబడ్డాడు. ఆవిడ మోచెయ్యి ఆయన భుజానికి తగులుతోంది. అయినా ఆవిడ చూపు పైనే ఉంది, ఎన్ని పలుకులు తెగాయో అని.

"చూసుకోలేదమ్మాయ్. ఏమనుకోకు," అన్నాడాయన.

అని, వంగి, పగిలిన గాజు ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. పిల్లల కాళ్లకి గుచ్చుకుంటాయని. ఏరినవన్నీ జేబురుమాలులో మూటగట్టి ఆవిడ చేతికిచ్చి, నిలబడి, ఆశీర్వాదం చెప్పాడు. గొంతు ఎప్పటిలాగే ఉంది. భోజనంలో రెండు ముద్దలు తిని, మెట్రో దొరకదని వెళ్లిపోయాడు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆనందకుమారికి నోరు జారిన సంగతి ఆ పూట తట్టనే లేదు. అందరూ వెళ్లాక స్టూలెక్కి గాజు పలుకులు లెక్కపెట్టుకుంటోంది.

గిన్నెలు కడుగుతున్న స్తుతి వెనక్కి తిరగకుండానే అంది. "మమ్మీ, ఆప్‌నే అంకుల్ సే ఏక్ బార్ పూఛా భీ నహీఁ."

అంకుల్‌ని ఒక్కసారి అడగనైనా అడగలేదని. స్టూలు మీద ఆనందకుమారి చేతులు ఆగిపోయాయి. మరుక్షణం కోపం వచ్చింది. ఏమడగాలి? పెద్ద దెబ్బా అది? అంత పొడుగు మనిషి చూసుకుని లేవద్దూ? తప్పు చేసినవాళ్లకి కోపమే ముందొస్తుంది మరి. మర్నాడు ఫోను చేద్దామనుకుంది. మర్నాడు ఏదో పని పడింది. ఆ మర్నాటికి, నిన్న చెయ్యకుండా ఇవాళ చేస్తే ఏం బాగుంటుందనిపించింది. వారం గడిచేసరికి ఆ మాట గొంతులో పాతబడి గట్టిపడింది.

నెలాఖరున కమలాకుమారి ఫోను చేసింది. వచ్చే కూటం తమ ఇంట్లో పెట్టుకుందామని, ఆ రాతిబల్ల జరపడం నీకు ఇబ్బంది గదా అని మెత్తగానే చెప్పింది. సరేనంది. ఆ తర్వాతి నెల ఇంకొకరింట్లో. ఆ తర్వాత ఇంకొకరింట్లో. ఆనందకుమారింట్లో ఎందుకు లేదని ఎవరూ అడగలేదు, ఆవిడా అడగలేదు. ఇరవై ఏడేళ్ల రెండో శనివారాలు ఒక్క మాటా మాట్లాడుకోకుండా ఆ గుమ్మం దాటి వెళ్లిపోయాయి. ఆవిడ మాత్రం ప్రతి కూటానికీ వెళ్లేది. జీవరత్నం గారు కనపడగానే, "వందనాలమ్మాయ్, బాగున్నావా" అనేవాడు. వందనాలండీ అని పక్కకి తప్పుకునేది. ఆయన కాస్త కోపంగా చూసినా బాగుండేది. పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

ఇంట్లో బల్ల కోరుకున్నట్టే కదలకుండా ఉంది. ఆరు కుర్చీల్లో అయిదింటి ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. కొన్నాళ్లు లైటు వేసుకుని తిన్నది. ఒక్క కంచం మీద అంత వెలుగు పడుతుంటే తన చెయ్యి తనకే ఎవరిదోలా కనపడేది. మెల్లగా సోఫాలో కూర్చుని, ఒళ్లో కంచం పెట్టుకుని తినడం అలవాటైంది. బల్ల మీద కరెంటు బిల్లులు, మందుల డబ్బాలు చేరాయి. రెండేళ్లు అలా గడిచాయి.

మొన్న వానాకాలంలో బల్ల కాళ్ల కింద చీమలు పట్టాయి. వాచ్‌మన్‌ని, పై ఇంటి అబ్బాయిల్ని పిలిచి బల్ల పక్కకి జరిపించి, తనే నేల కడిగింది. కడిగి, గుడ్డ బకెట్లో వేసి, నడుం పట్టుకుని లేచింది. లేవడం లేవడం నుదురు వెళ్లి ఇత్తడికి కొట్టుకుంది. కళ్లముందు చీకటి కమ్మింది. తడి నేలమీదే కూలబడి రెండు చేతులతో నుదురు పట్టుకుంది. పైన లైటు గలగలా ఊగుతూనే ఉంది. అది ఆగిందో లేదో, ఏదైనా తెగిందో లేదో ఆవిడకి పట్టలేదు. నొప్పి. అంత నొప్పి. వేళ్లకి తడి తగిలితే రక్తమేమో అనుకుంది, నీళ్లే. అప్పుడు ఏడ్చింది. ఇంత గట్టిగా తగిలిందా ఆయనకి? ఇంతకంటే గట్టిగా. ఆయన ఒక్క ఊపులో లేచాడు. అలా తగిలిన మనిషి ఆ వెంటనే వంగి గాజు ఏరాడు. ఎన్ని వేల తలకాయలు పట్టుకుని చూసిన చేతులివి, ఆ ఒక్క తల ముట్టుకోలేదు.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ని పిలిచి గొలుసు కురచ చేసి లైటుని పైకప్పుకి అంటుకునేట్టు పెట్టమంది. పైకెడితే అందం పోతుంది ఆంటీ, బల్ల మీద వెలుగుండదు అన్నాడతను. పోనీ అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా పట్టుకుంది. అతను వెళ్లగానే జీవరత్నం గారికి ఫోను చేసింది. ఈ రెండో శనివారం మా ఇంట్లో బాబాయిగారూ అని ఒక్క గుక్కలో అనేసింది. "అలాగే అమ్మాయ్, ఎందుకు రాము" అన్నాడాయన.

ముప్ఫై మంది దాకా వచ్చారు. మగవాళ్లు బల్లని గోడకి చేర్చారు, జంపఖానాలు పరిచారు. లైటు పైకెళ్లిందని కమలాకుమారి ఒక్కతే గమనించి, ఆనందకుమారి చెయ్యి నొక్కింది. జనం గోడల వెంబడి కూర్చున్నారు. మధ్య చోటు పెద్దాయనకి వదిలారు. జీవరత్నం గారు అక్కడే కూర్చున్నాడు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, పాట ఎత్తుకుంటే గొంతు కాస్త వణికింది. ఆనందకుమారి వంటింటి గుమ్మంలో నిలబడి అంతా కళ్లారా చూసింది. రెండేళ్లుగా ఆకలేసిన మనిషికి అన్నం పెట్టినట్టుంది.

ఆశీర్వాదానికి అందరూ లేచారు. ఆయన కళ్లు మూసుకుని, ఒక చేత్తో కర్ర ఊని, లేవబోతూ రెండో చెయ్యి పైకెత్తాడు. అరచెయ్యి తలమీద అడ్డం పెట్టుకుని, మెడ వంచుకుని, మెల్లమెల్లగా లేచాడు. పైన ఏమీ లేదు. అయినా పూర్తిగా నిలబడేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. నిలబడ్డాక దాన్నే ముందుకి చాపి ఆశీర్వాదం చెప్పాడు.

భోజనాల దగ్గర ఆయన కంచం ఆవిడే పట్టుకెళ్లింది. మూలన కుర్చీలో కూర్చున్నాడు. కంచం ఇచ్చి, అక్కడే నేలమీద కూర్చుంది.

"బాబాయిగారూ, ఆ రోజు ఎక్కడ తగిలిందండీ?"

ఏ రోజని ఆయన అడగలేదు. కంచం ఒళ్లో పెట్టుకుని, ఎడమ కనుబొమ్మ పైన వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడమ్మాయ్. బొప్పి కట్టింది. నాలుగు రోజులు ఈ పక్క తిరిగి పడుకోలేకపోయాను."

"ఎవరికైనా చూపించుకున్నారా?"

"లేదమ్మా." ఆయన అన్నం కలుపుతున్నాడు. తలెత్తలేదు. "నువ్వు ఫోను చేస్తావేమో, నిన్నే అడుగుదామని ఊరుకున్నాను."

ఆనందకుమారి లేచి, ఆయన నుదుటి మీద, ఎడమ కనుబొమ్మ పైన, మూడు వేళ్లు ఆనించి నొక్కి చూసింది. అక్కడ ఏమీ లేదు. ఆయన ఆవిడ చెయ్యి తీసేదాకా ఆగి, పులుసు ఇంకాస్త వెయ్యమన్నాడు.